నడక ఆపని రాజమాత

మాహిష్మతికి రాజు లేడు. విక్రమదేవుడు కన్నుమూశాడు, ఆయన రాణి మగబిడ్డను కని ప్రాణం విడిచింది. రాజుకు అన్న ఉన్నాడు, బిజ్జలదేవుడు. పెద్దవాడై పుట్టి కూడా పీఠం దక్కనివాడు. చెయ్యి అవిటిదని తనకు రాజ్యం దక్కకుండా చేశారని అతని ఏడుపు. బుద్ధి వంకర కాబట్టే దక్కలేదని లోకానికి తెలుసు. అతని భార్య శివగామి. ఒక చేతిలో తాను కన్న భల్లాలుడు, ఇంకో చేతిలో తల్లి లేని అమరేంద్ర బాహుబలి. తిరుగుబాటుకు కత్తులు దూసినవాళ్లను గద్దెకు కట్టుబానిసైన కట్టప్ప చేత అణిచేయించి, ఇద్దరు పసివాళ్లకూ తన పాలే పట్టి, పెరిగి పెద్దయ్యాక తగినవాడెవడో వాడే రాజని చెప్పింది. ఆ రోజు ఆమె తన కోసం సింహాసనం కోరుకుని ఉంటే అడ్డం వచ్చేవాడు లేడు. కన్నకొడుకు కోసం కోరుకుని ఉంటే తప్పు పట్టేవాడూ లేడు. రెండూ కోరలేదు. పిల్లలు ఎదిగేదాకా రాజ్యాన్ని పరాయి సొమ్ములా కాపాడింది.

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న, రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. ఆ మధ్యకాలమంతా జనం నోట నానింది ఒక్కటే: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? జవాబు దొరికాక ఆ ప్రశ్న చల్లారిపోయింది. నాకు మాత్రం చల్లారలేదు. మనం అడగాల్సిన మనిషిని వదిలేసి ఇంకొకరిని అడిగామని ఇప్పటికీ అనిపిస్తుంది. కట్టప్పది కత్తి. ఆజ్ఞ శివగామిది. 2025లో రెండు భాగాలనూ కుదించి ఒకే చిత్రంగా మళ్లీ విడుదల చేశారు. ఎదురుచూపు మధ్యలో అడ్డం లేకుండా ఈ కథను ఒక్క బిగిన తలుచుకుంటే, అమరేంద్రుడి చావు కన్నా శివగామి పతనమే పెద్దదిగా కనిపిస్తుంది. అమరేంద్రుడు చనిపోయాడు గానీ చివరి ఊపిరి దాకా ఒక్క మెట్టు కూడా దిగలేదు. దిగింది ఆమె, అదీ ఒక్కొక్క మెట్టే.

విజయేంద్రప్రసాద్ రాసిన ఈ కథ పైకి జానపదం, లోపల భారతం. అంగవైకల్యం వల్లే రాజ్యం తప్పిందనుకునే అన్న, తండ్రి కడుపుమంటను వారసత్వంగా పుచ్చుకున్న కొడుకు, గద్దెకు కట్టుబడి అధర్మాన్ని కూడా మోసిన వృద్ధ యోధుడు. ధృతరాష్ట్రుడినీ దుర్యోధనుడినీ భీష్ముడినీ గుర్తుపట్టడానికి తెలుగువాడికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కానీ శివగామికి సరిసాటి పాత్ర భారతంలో వెతికితే దొరకదు. సత్యవతి వంశం కోసం తపించింది, గాంధారి కళ్లకు గంతలు కట్టుకుంది, కుంతి నిజాన్ని దాచింది. తీర్పు చెప్పే పీఠం వాళ్లెవరికీ లేదు. శివగామికి ఉంది. ఆమె నోట వచ్చిన మాటే ఆ రాజ్యానికి చట్టం, దాని మీద ఇంకో సభ లేదు.

మాహిష్మతి అనే పేరు కూడా ఉత్తుత్తి కల్పన కాదు. పురాణాలు హైహయుల రాజధాని అని చెప్పే ఊరు అది, కార్తవీర్యార్జునుడి ఊరు. ఆ హైహయుల పేరు చెప్పుకున్న వంశమే 12వ శతాబ్దంలో మన పల్నాడును ఏలింది. అనుగురాజు పోయాక సవతి అన్నదమ్ములు నలగాముడు గురజాల నుంచి, మలిదేవుడు మాచర్ల నుంచి చీలిపోయారు. కోడిపందెం, వనవాసం, రాయబారం, చివరికి కారంపూడిలో రణం. గద్దె ఎవరిదన్న ఒక్క తగవు ఎందరు వీరులను తిన్నదో పల్నాటి వీరుల కథ పాడేవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందుకే ఈ కథ మనకు కొత్తగా తోచలేదు. అన్నదమ్ముల పాళ్లు తెగని ఇల్లు ఏమవుతుందో మన ఊళ్లకు బాగా తెలుసు.

మాహిష్మతి మీదికి దండెత్తిన కాలకేయులతో యుద్ధం శివగామి జీవితంలో అన్నిటికంటే ఎత్తైన రోజు. వాళ్ల నాయకుణ్ణి చంపినవాడిదే రాజ్యమని ముందే చెప్పింది. శత్రువు బందీలుగా పట్టిన మాహిష్మతి ప్రజలను కవచంలా ముందు నిలబెట్టినప్పుడు భల్లాలుడు వాళ్లను తొక్కుకుంటూనే ముందుకు పోయాడు. అమరేంద్రుడు ఆగి, వాళ్లను తప్పించి, ఆ తర్వాతే శత్రువు మీదికి వెళ్లాడు. ఆఖరి దెబ్బ భల్లాలుడిదే. పందెం ప్రకారం గెలిచింది కన్నకొడుకు. అప్పుడు శివగామి తన షరతును పక్కకు నెట్టింది. శత్రువును చంపినవాడు వీరుడవుతాడు గానీ తన జనాన్ని కాపాడినవాడే రాజవుతాడని తేల్చి, అమరేంద్రుడికి రాజ్యం, భల్లాలుడికి సేనాధిపత్యం ఇచ్చింది. ఈ తీర్పును నేను ఎన్నోసార్లు తలుచుకుంటాను. ఆ యుద్ధాన్ని ఆమె తన కళ్లతో చూసింది. చూసింది కాబట్టే, తన నోటి నుంచి వెళ్లిన మాటను కూడా ఆ ఒక్కసారి దాటగలిగింది. ఆ తర్వాత ఆమె చెప్పిన తీర్పుల్లో చాలావరకు ఎవరో వచ్చి చెప్పింది విని చెప్పినవే.

రెండో భాగం మొదలయ్యేది ఆమె నడకతో. నెత్తి మీద నిప్పుల కుండ, కాళ్లకు చెప్పుల్లేవు. రాక్షసుడి బొమ్మకు నిప్పు పెట్టేదాకా అడుగు ఆగకూడదు, అది మొక్కు. దారిలో ఏనుగుకు మదమెక్కింది. జనం చెల్లాచెదురయ్యారు. శివగామి తల తిప్పలేదు, అడుగు తడబడలేదు. ఎక్కడి నుంచో అమరేంద్రుడు పెద్ద రథాన్ని తోసుకొచ్చి ఏనుగుకు అడ్డం పెట్టాడు. ఆమె నడుస్తూనే పోయింది. శివగామిగా నటించిన రమ్యకృష్ణ ముఖంలో ఆ క్షణాన భయం గానీ గర్వం గానీ కనిపించదు. పని పూర్తి చేయడం ఒక్కటే కనిపిస్తుంది. ‘అమ్మోరు’లో దేవతగా, ‘నరసింహ’లో నీలాంబరిగా ఆమెను చూసినవాళ్లకు ఆ కళ్ల సంగతి తెలుసు. ఇక్కడ ఆ రెండు పాత్రలూ ఒకే మనిషిలో కలిసినట్టుంటాయి, కొలిచే దేవతా ఆమెలోనే ఉంది, పంతం వదలని నీలాంబరీ ఆమెలోనే ఉంది.

హాల్లో ఈలలు మోగే ఆ సన్నివేశంలోనే ఆమె చావు కూడా దాగి ఉందని మొదటిసారి చూసినప్పుడు ఎవరికీ తట్టదు. అడుగు ఆపకపోవడం ఆమె బలం. మదమెక్కిన ఏనుగు ఎదురైనప్పుడు అది ధైర్యం. కోడలు ఎదురు నిలిచి ప్రశ్నించినప్పుడూ అదే నడక, అక్కడ మాత్రం దానికి ఇంకో పేరు పెట్టాలి. ఏనుగుకు అడ్డం పడ్డ కొడుకు కోడలి పక్కన నిలబడ్డ రోజున, ఆమె అతన్ని కూడా దాటుకుని నడిచిపోయింది.

పట్టాభిషేకానికి ముందు దేశం చూసి రమ్మని ఆమే అమరేంద్రుణ్ణి పంపింది. కుంతల రాజ్యంలో అతను అమాయకుడి వేషం వేయడం, అక్కడి యువరాణి దేవసేన మనసు గెలవడం, దోపిడీ మూకల నుంచి ఆ రాజ్యాన్ని కాపాడడం అందరికీ ఇష్టమైన భాగం. నేను అక్కడ ఆగను. నా మనసు అదే వేళ మాహిష్మతిలో జరుగుతున్నదాని మీద ఉంటుంది. భల్లాలుడు దేవసేన చిత్రపటం చూశాడు. తమ్ముడు ఆమెను ప్రేమిస్తున్నాడని వేగుల ద్వారా తెలుసు. తెలిసే తల్లి దగ్గరికి వచ్చి, ఈ పిల్ల కావాలని అడిగాడు. శివగామి సరేనని మాట ఇచ్చేసింది.

ఎందుకు ఇచ్చింది? సినిమా దీని మీద ఎక్కువసేపు నిలబడదు. నాకు తోచేది ఇది. కన్నకొడుకుకు రాజ్యం ఇవ్వలేకపోయానన్న బాకీ ఆమె గుండెలో ఎక్కడో ఉండిపోయింది. ధర్మం కోసం పేగును పక్కన పెట్టిన తల్లికి, ఆ పేగు ఎప్పుడో ఒకప్పుడు లెక్క అడుగుతుంది. రాజ్యం అడిగితే ఇవ్వలేదు, పిల్లను అడిగాడు, పిల్లనైనా ఇద్దామనుకుంది. ఆ పిల్లకు కూడా ఒక మనసు ఉంటుందని ఒక్క గడియ ఆలోచించలేదు. ఇన్నేళ్లు న్యాయంగా ఏలిన ఆడది ఇంకో ఆడపిల్లను కొడుకుకు ఇచ్చే బహుమానంగా లెక్కగట్టింది. పతనంలో మొదటి మెట్టు ఇదే. ఇది తల్లి ప్రేమ వేషంలో వచ్చింది కాబట్టి ఆమె గుర్తుపట్టలేకపోయింది.

కుంతలకు కానుకలు వెళ్లాయి, కబురు వెళ్లింది. దేవసేన ఆ కానుకలను తిప్పికొట్టింది. రాజమాతకు అవమానం జరిగిందని మాహిష్మతి సభ మండిపడింది. ఆ పిల్లను బందీగా తీసుకురమ్మని అమరేంద్రుడికి ఆజ్ఞ పోయింది. తన తల్లి తన కోసమే ఈ సంబంధం అడిగిందనుకున్నాడు అతను. నీ మానమర్యాదలకు నేను పూచీ అని మాట ఇచ్చి దేవసేనను వెంట తెచ్చాడు. ఇద్దరు మనుషులు, రెండు మాటలు, మధ్యలో ఒక పడవ ప్రయాణం. ఆ హంసనావ పాట ఎంత అందంగా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. రెండోసారి చూస్తున్నప్పుడు మాత్రం ఆ అందాన్ని చూడ్డానికి మనసు ఒప్పదు.

తర్వాత సభ. ఈ రెండు భాగాల్లో నాకు అన్నిటికంటే బలమైన సన్నివేశం ఇదే, ఇందులో కత్తి తెగేది లేకపోయినా. నన్ను అడగకుండా నా తరఫున మాట ఎలా ఇచ్చారని దేవసేన నిలదీసింది. శివగామిని ఆ సభలో అలా అడిగినవాళ్లు అంతకు ముందు లేరు. పొరపాటు ఎక్కడ జరిగిందో అందరికీ తేటతెల్లమైంది. అమరేంద్రుడు, దేవసేన ఒకరినొకరు కోరుకున్నారని శివగామికి కూడా అర్థమైంది. అంటే ఆమె కళ్ల ముందు నిజం నిలబడే ఉంది. నా మాట పొరపాటున పడింది, వెనక్కి తీసుకుంటున్నాను అంటే చాలు. యుద్ధం నాడు తన షరతును దాటిన మనిషే కదా! కానీ ఆ రోజు ఆమెను ఎవరూ ఎదిరించలేదు, ఈ రోజు ఎదిరించారు. వెనక్కి తగ్గితే ఓడిపోయినట్టవుతుందని ఆమెకు తోచింది. రాజ్యం కావాలా, ఈ పిల్ల కావాలా తేల్చుకోమని కొడుకును అడిగింది. అతను తన మాట నిలబెట్టుకున్నాడు. మాట తప్పకూడదని అతనికి ఉగ్గుపాలతో నేర్పింది ఆమే.

పెంపకం గెలిచిన చోటే పెంచిన మనిషి ఓడిపోయింది. భల్లాలుడు రాజయ్యాడు. పట్టాభిషేకం నాడు అతను ప్రమాణం చేస్తే చప్పట్లు నామమాత్రంగా మోగాయి. సేనాధిపతిగా అమరేంద్రుడు ప్రమాణం చేస్తే నేల అదిరింది. ప్రజలు ఆ రోజు రాజమాతకు ఆమె తీర్పును తిప్పి పంపారు. అది అవిధేయత అనుకుందో, హెచ్చరిక అనుకుందో ఆమె ముఖం చెప్పదు. విన్నది మాత్రం నిజం.

అక్కడి నుంచి దిగడం వేగంగా సాగింది. దేవసేన సీమంతం నాడు, భార్య దగ్గర ఉండేందుకు తీరిక ఇస్తున్నానంటూ భల్లాలుడు తమ్ముడి సేనాధిపత్యం ఊడబెరికాడు. కొత్త సేనాధిపతి సేతుపతి గుడి దగ్గర వరుసలో నిలబడ్డ ఆడవాళ్ల మీద చేతులు వేశాడు. దేవసేన అతని వేళ్లు నరికింది. నిండు చూలాలిని సంకెళ్లతో సభకు ఈడ్చుకొచ్చారు. జరిగింది విని అమరేంద్రుడు, నరకాల్సింది వేళ్లు కాదంటూ అక్కడికక్కడే సేతుపతి తల నరికాడు. హాలు హాలంతా లేచి నిలబడి కేకలు పెట్టిన చోటు ఇది. నేనూ పెట్టాను. అదే వేళ రాజమాత ఏం చేసింది? ఆడవాళ్ల మీద చేయి వేసినవాడి గురించి ఒక్క మాట అడగలేదు. సభ మర్యాద తప్పిందని కొడుకునూ కోడలినీ కోట నుంచి వెళ్లగొట్టింది. ఒకనాడు ఇద్దరు బిడ్డలను చెరో చేత ఎత్తుకున్న తల్లి, కడుపుతో ఉన్న కోడలిని వీధిలోకి పంపింది. వాళ్లు జనంలో కలిసిపోయి జనంలా బతికారు. నవ్వుతూనే బతికారు. కోటకు ఆ నవ్వు కూడా గిట్టలేదు.

ఆఖరి అబద్ధం అల్లింది బిజ్జలుడు, భల్లాలుడు కలిసి. అమరేంద్రుడి ప్రాణానికి ముప్పు ఉందని దేవసేన బంధువు కుమారవర్మ చెవిలో విషం పోసి, భల్లాలుణ్ణి చంపమని అతని చేతికి ఆయుధం అందించి కోటలోకి రప్పించారు. అతన్ని అక్కడే చంపేసి, ఇదిగో నీ పెంపుడు కొడుకు పంపిన హంతకుడు అని శివగామికి చూపించారు. ఆమె చూసిందల్లా ఒక శవం. కథంతా వినికిడే. అమరేంద్రుణ్ణి పిలిపించి ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. బహిరంగంగా విచారిస్తే రాజ్యం రెండుగా చీలి అంతర్యుద్ధం వస్తుందన్న భయం ఆమెను తొందరపెట్టింది. ఆ భయం అబద్ధం కాదు, వారసత్వం తగవులు ఎక్కడికి పోతాయో ఆమెకు తెలుసు. రాజ్యాన్ని కాపాడాలన్న ఆలోచనతోనే రాజ్యానికి ప్రాణమైనవాణ్ణి చంపించింది. కట్టప్ప కాళ్ల మీద పడ్డాడు. నువ్వు చంపకపోతే నేనే చంపుతానంది. గద్దెకు కట్టుబానిస అయిన ఆ ముసలివాడికి ఇంకో దారి లేకుండా చేసింది. తల్లి చేతుల్లో బిడ్డ చావకూడదని అతను ఆ పాపాన్ని తన చేతులకు పూసుకున్నాడు.

చంపిన తీరు మనందరికీ కంఠోపాఠం, దాన్ని మళ్లీ చెప్పను. చచ్చిపోతూ కూడా అమరేంద్రుడు తల్లి క్షేమమే కట్టప్పకు అప్పగించాడన్నది మాత్రం మర్చిపోకూడదు. అతని శవం ముందే భల్లాలుడు తన కుట్రంతా నోరారా చెప్పుకున్నాడు. విన్న కట్టప్ప రక్తంతో తడిసిన చేతులతో కోటకు వచ్చాడు. అంతవరకూ రాజమాతా అని తల వంచినవాడు ఆ రోజు పేరు పెట్టి పిలిచాడు. తప్పు చేశావన్నాడు. ఒక బానిస ఏకవచనంలో తీర్పు చెబితే ఆ సామ్రాజ్ఞి నోరెత్తలేకపోయింది. రమ్యకృష్ణ అక్కడ కన్నీళ్ల కోసం తొందరపడలేదు. ముందు ఆ కళ్లు నమ్మవు, ఆ తర్వాత లెక్క వేసుకుంటాయి, ఆ తర్వాతే ఒళ్లు కూలుతుంది.

అప్పుడే కన్న పసిగుడ్డును ఎత్తుకుని దేవసేన వచ్చింది. భర్త చచ్చాడని ఆమెకు తెలిసింది అక్కడే. శివగామి ఆమెను క్షమించమంది. నా దృష్టిలో ఆమె తిరిగి లేచింది ఇక్కడే. చేతిలో బలం లేదు, సైన్యం లేదు, గద్దె మీద కన్నకొడుకు ఉన్నాడు. అయినా ఆ బిడ్డను తీసుకుని జనం ముందుకు వెళ్లి, అమరేంద్రుడు ఇక లేడని చెప్పి, మహేంద్ర బాహుబలే మీ రాజని రెండు చేతులా పైకెత్తి చూపింది. ఒకసారి అమరేంద్రుడికి, ఒకసారి భల్లాలుడికి ఇచ్చిన రాజ్యాన్ని మూడోసారి ఇచ్చింది. ఈసారి తన మాటను తానే రద్దు చేసుకుంది. సభలో దేవసేన అడిగిన రోజున చేయాల్సిన పని అది. ఆలస్యానికి ధర ఒక ప్రాణం అనుకుంటే పొరపాటు. ఆ తర్వాత ఒక తరం మొత్తం చెల్లించింది.

భల్లాలుడు తల్లి మీదే బాణం వేశాడు. బాణం దిగిన వీపుతో, చేతిలో మనవడితో ఆమె నదిలో పడింది. ఆ తర్వాతిది మొదటి భాగం మొదట్లోనే మనం చూశాం, ఎవరో తెలియని ఒక స్త్రీగా. వెంటాడిన సైనికులను చంపి, ప్రవాహంలో మునిగిపోతూ, నా పాపాలకు నా ప్రాణం తీసుకో, ఈ బిడ్డను మాత్రం బతికించమని శివుణ్ణి వేడుకుంది. పాపమన్న మాట అక్కడ ఆమె నోటే విన్నాం గానీ, ఏ పాపమో తెలుసుకోవడానికి మనకు రెండేళ్లు పట్టింది. దర్శకుడు రాజమౌళి చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. శిక్షను ముందు చూపించి, జాలి పడేలా చేసి, నేరాన్ని తర్వాత చెప్పాడు. అందువల్ల ఆమె మీద కోపం వచ్చిన ప్రతిచోటా ఆ నీళ్లు మన గొంతుకు అడ్డం పడతాయి. సేతుపతి సభలో ఆమెను తిట్టుకుంటూనే, ఈమె బిడ్డను పైకెత్తి చచ్చిపోతుందే అని గుర్తొస్తుంది.

మిగతా కథలో ఎవరి అంత్యక్రియలు వాళ్లకు దక్కాయి. అమరేంద్రుడు కత్తి పట్టుకుని, బండరాతి మీద సింహాసనం మీద కూర్చున్నట్టే కూర్చుని ప్రాణం వదిలాడు. పాతికేళ్లు సంకెళ్లలో ఉండి దేవసేన ఏరిన పుల్లలు భల్లాలుడికి చితి అయ్యాయి. శివగామికి చితి లేదు, శోకం లేదు, ఆమె కోసం ఏడ్చే మనిషిని కథ ఎక్కడా నిలబెట్టలేదు. దేవసేనకు ఏడవాల్సిన అవసరం లేదు, ఆమె పోగొట్టుకున్నది చాలు. ఎదిగి వచ్చిన మహేంద్రుడికి కట్టప్ప జరిగింది చెప్పాడు, అతనికి అంతకంటే చెప్పే హక్కు లేదనుకున్నాడేమో. మహేంద్రుడికి తనను పైకెత్తి పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఇంకొకరు చెబితే తెలిసింది. భల్లాలుడి మీద యుద్ధం తొందర్లో, గెలుపు సంబరంలో ఆమె పేరు వెనకబడిపోయింది. ఈ రెండు భాగాల మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. పట్టాభిషేకానికి ముందు ఆ మనవడు ఒక్కసారి ఆ నది దాకా వెళ్లి నానమ్మకు తర్పణం వదిలి ఉండాల్సింది.